మనం అడగని బీమా, మన ఖాతాలో కోత

(సంఘం శిక్షణ తరగతిలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది పదో తరగతి. బ్యాంకుల సంగతి మాట్లాడటానికి నాకున్న అర్హత ఒకటే. 18,000 రూపాయలు పోగొట్టుకున్నాను, మళ్లీ రాబట్టుకున్నాను.

నాలుగేళ్ల కిందట పంట రుణం తిరగరాయించుకోవడానికి బ్యాంకుకు వెళ్లాను. పాత బాకీ కట్టడానికి ఊళ్లో చేబదులు తెచ్చాను. కొత్త రుణం రాగానే దాన్ని తీర్చాలి. మీ అందరికీ తెలిసిన తిప్పలే ఇవి. కాగితాల కట్ట ముందు పెట్టి, "టిక్కు ఉన్నచోటల్లా సంతకం పెట్టు బాబాయ్" అన్నాడు అక్కడి కుర్రాడు. పెట్టాను. చదవలేదు. చదువుదామన్నా అంతా ఇంగ్లీషే. రుణం పడింది, చేబదులు తీర్చాను. విత్తనాల కోసం డబ్బు తీయబోతే ఖాతాలో 18,000 తక్కువుంది. అడిగితే, "మీ కుటుంబ భద్రతకే బీమా చేశాం, డబ్బు ఎక్కడికీ పోదు" అన్నారు.

ఏడాది తిరిగాక ఫోనొచ్చింది. రెండో ఏడాది 18,000 కట్టమన్నారు. అప్పుడు తెలిసింది, అది పదేళ్లు కట్టాల్సిన జీవిత బీమా పాలసీ అని. కట్టకపోతే మొదట కట్టింది కూడా పోతుందన్నారు. మూడెకరాల మెట్ట రైతుని, ఏటా 18,000 ఎక్కణ్ణించి తేను? ఇరవై ఏళ్లుగా జెండా పట్టుకుని తిరుగుతున్న నాకే ఇలా జరిగితే, వేలిముద్ర వేసే మా పెద్దమ్మ పరిస్థితి ఏమిటి?

ఇలాంటి కోతలు ఎన్ని రకాలో చూద్దాం. పంట రుణం, బంగారు రుణం, ట్రాక్టరు రుణం, ఇంటి రుణం, చిన్న ఫైనాన్సు సంస్థల గ్రూపు రుణం, వీటిలో దేనికైనా ఒక బీమా అంటగట్టవచ్చు. ఒకటి, అప్పు తీసుకున్నవాడు చనిపోతే బాకీ తీర్చే బీమా. రెండు, నాకు అంటగట్టినట్లు ఏటా కట్టాల్సిన పొదుపు పాలసీ. మూడు, ప్రమాద బీమా, ఆరోగ్య బీమా. అమ్మిన బ్యాంకుకు బీమా కంపెనీ నుంచి కమీషన్ ముడుతుంది. సిబ్బందికి పై నుంచి టార్గెట్లు ఉంటాయి. ఆ ఒత్తిడి గురించి బ్యాంకు ఉద్యోగ సంఘాలే మొర పెట్టుకుంటున్నాయి. అందుకే మన కోపం కౌంటర్లో కూర్చున్న కుర్రాడి మీద కాదు, అమ్మే పద్ధతి మీద.

నష్టం ప్రీమియంతో ఆగదు. పంట రుణం గడువులోగా కడితే 7 శాతం వడ్డీలో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. రుణ ఖాతాలోంచి ప్రీమియం కోస్తే ఆ మొత్తం కూడా మన బాకీలో కలుస్తుంది. రైతు తనకు తెలిసిన బాకీ కట్టి వస్తాడు, ఖాతాలో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. అలా గడువు దాటితే ఆ 3 శాతం రాయితీకే ఎసరు.

"బ్యాంకులతో మనమేం గెలుస్తాం" అనేవాళ్ల కోసం ఇంగ్లండు సంగతి చెబుతాను. అక్కడ కూడా బ్యాంకులు అప్పులతో, క్రెడిట్ కార్డులతో కలిపి ఒక బీమా అమ్మాయి. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా వాయిదాలు బీమాయే కడుతుందన్నారు. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు, రిటైరైనవాళ్లకు కూడా అంటగట్టారు. తీరా కష్టమొచ్చాక చూస్తే, అలాంటివాళ్లలో చాలామందికి ఆ బీమా వర్తించదని తేలింది. 2005లో అక్కడి పౌర సలహా సంస్థ ఒకటి ప్రభుత్వానికి పెద్ద ఫిర్యాదు పెట్టింది. బ్యాంకుల సంఘం కోర్టుకెళ్లి 2011లో ఓడిపోయింది. ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29 ఆఖరి తేదీగా పెట్టారు. మొత్తం మీద బ్యాంకులు జనానికి తిరిగి కట్టింది 3,800 కోట్ల పౌండ్లకు పైనే.

అందులో ఒక కేసు మనం గుర్తుపెట్టుకోవాలి. ఒక మహిళ 34,000 పౌండ్ల అప్పు తీసుకుంటే 5,780 పౌండ్ల బీమా అంటగట్టారు. అందులో దాదాపు 72 శాతం కమీషన్లకే పోయిందని, ఆ సంగతి ఆమెకు చెప్పలేదని తేలింది. అలా దాచడం అన్యాయమని అక్కడి సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. అక్కడి జనం గెలిచింది ఒక్కొక్కరూ కాగితం మీద ఫిర్యాదు రాశారు కాబట్టే. అయితే మధ్యలో దళారీ కంపెనీలు దూరి, ఉచితంగా పెట్టుకోగలిగిన ఫిర్యాదుకు కూడా వాటా గుంజాయి. చివరికి 2018లో ఆ వాటాకు 20 శాతం పరిమితి పెట్టాల్సి వచ్చింది. ఈ రెండు పాఠాలూ మనకూ పనికొస్తాయి.

మన దగ్గర అంత పెద్ద తీర్పు రాలేదు. కానీ రూళ్లున్నాయి. రుణం కావాలంటే బీమా కొనాల్సిందేనని బ్యాంకు బలవంతం చేయకూడదు. 2014లో రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఖాతాదారుల హక్కుల్లో, మనకు తగిన సరుకే మనకు అమ్మాలన్నది ఒకటి. పంటల బీమా కూడా 2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకున్న రైతుకు తప్పనిసరి కాదు. కేంద్ర పథకం అమల్లో ఉన్నచోట, వద్దనుకునే రైతు ఆఖరి తేదీకి ఏడు రోజుల ముందు బ్యాంకుకు రాసి ఇవ్వాలి. 2024 అక్టోబరు నుంచి వ్యక్తిగత, ఇంటి, వాహన రుణాల్లాంటి వాటికి ముఖ్యాంశాల పత్రం ఒకటి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. బీమా కోతతో సహా ఖర్చులన్నీ అందులో ఉండాలి. అడిగి తీసుకోండి.

ఇక డబ్బు రాబట్టుకునే దారి చెబుతాను, రాసుకోండి.

మొదటిది, ఖాతా స్టేట్‌మెంట్ తీయించండి. పాసు పుస్తకంలో ఇంగ్లీషు పొట్టి అక్షరాలతో ఉన్న కోతలన్నీ పిల్లలతో చదివించుకోండి.

రెండోది, పాలసీ పత్రం చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లోగా అయితే, "నాకీ పాలసీ వద్దు" అని బీమా కంపెనీకి రాయండి. జీవిత, ఆరోగ్య బీమాలకు ఈ హక్కుంది. కారణం చెప్పనక్కర్లేదు. స్టాంపు ఖర్చు, గడిచిన రోజుల బీమా ఖర్చు లాంటివి పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. పత్రమే అందకపోతే ఆ మాటే స్పష్టంగా రాయండి.

మూడోది, 30 రోజులు దాటినా వదలొద్దు. బ్యాంకుకూ, బీమా కంపెనీకీ ఇలా రాయండి: "ఫలానా తేదీన నా ఖాతాలోంచి ఇంత మొత్తం బీమాకు మళ్లించారు. రుణం కోసం వెళ్లిన నాకు ఈ పాలసీ గురించి వివరించలేదు, నా ఇష్టం అడగలేదు. నేను ఒప్పుకున్నట్టు చూపే కాగితం, పాలసీ దరఖాస్తు నకలు ఇవ్వండి. నా డబ్బు వడ్డీతో సహా తిరిగి జమ చేయండి." రెండు కాపీలు రాసి, ఒకదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టు చేయండి. నోటిమాట ఫిర్యాదు గాలికి పోతుంది.

ఆ దరఖాస్తు నకలే నన్ను గెలిపించింది. అందులో నా వృత్తి వ్యాపారమట, ఏడాది ఆదాయం 6 లక్షలట, ఫోను నంబరు నాది కానే కాదు. నా పట్టాదారు పాసు పుస్తకం నకలు జతచేసి, ఇదీ నా బతుకు అని రాశాను. ఐదు నెలలు పట్టింది. 18,000 తిరిగి వచ్చింది.

నాలుగోది, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా పైకి వెళ్లండి. బ్యాంకు మీదైతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, వివరాలకు ఫోను 14448. బీమా కంపెనీ మీదైతే బీమా నియంత్రణ సంస్థ, ఫోను 155255. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. అక్కడే బీమా అంబుడ్స్‌మన్ కూడా ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలూ వారి పరిధిలోకే వస్తాయి. కంపెనీ కాదన్న ఏడాదిలోపు ఆయన దగ్గరకు వెళ్లాలి. ఎక్కడా పైసా ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడా ఫీజు లేదు, కానీ రెండేళ్లలోపు వెళ్లాలి. మన ప్రాథమిక సహకార సంఘం మాత్రం రిజర్వు బ్యాంకు పరిధిలో లేదు. దాని మీద సహకార శాఖ అధికారులకు రాయాలి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, బీమా అంటేనే చెడ్డదని నేననడం లేదు. ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా ఉన్నాయి. మొదటిది ఏ కారణంతో చనిపోయినా, రెండోది ప్రమాదంలో పోతే, ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. అలాంటివి తెలిసి, ఇష్టపడి పెట్టుకోండి. కోపంలో వాటిని రద్దు చేసుకోకండి. పెట్టుకున్న సంగతి ఇంట్లో ఆడవాళ్లకు చెప్పండి. చెప్పకపోతే రేపు క్లెయిము అడిగేవాళ్లే ఉండరు. రెండోది, "మీ పాత పాలసీ డబ్బు ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి" అని ఫోను చేసేవాళ్లను నమ్మొద్దు. మనకు రావాల్సిన డబ్బుకు మనం ఎదురు కట్టక్కర్లేదు.

చివరగా, మనసులో మాట. మా ఊళ్లో నాలాగే 12,000 పోయిన రైతు ఒకడున్నాడు. రాద్దాం రమ్మంటే, "వద్దన్నా, రేపు రుణం ఇవ్వరేమో" అన్నాడు. ఎంత చెప్పినా కదల్లేదు. రెండో ఏడాది ప్రీమియం కట్టలేదు, పాలసీ పోయింది, డబ్బూ పోయింది. పిల్ల కాలేజీ ఫీజుకు దాచుకున్న డబ్బది. వాడి తప్పని నేననను. వాడి వెంట మనం పదిమంది వెళ్లి ఉంటే ఆ భయం ఉండేది కాదు. ఆ తప్పు సంఘానిది, అంటే నాది.

కాబట్టి ప్రతి గ్రామ శాఖకూ నా విన్నపం. వచ్చే నెల సమావేశానికి ఒక్కొక్కరూ పాసు పుస్తకం తీసుకురండి. చదువుకున్న పిల్లల్ని ఇద్దరిని కూర్చోబెట్టండి. అడగని కోతలన్నీ ఒక జాబితా రాయండి. ఫిర్యాదు ఎవరిది వాళ్లే రాయాలి, కానీ బ్యాంకుకు అందరం కలిసి వెళదాం. మేనేజరు గారికి దండం పెట్టే అడుగుదాం, ముద్ర వేయించుకునే బయటికొద్దాం. రుణ పత్రాలు తెలుగులో ఇవ్వాలని, బీమాకు వేరే కాగితం మీద వేరే సంతకం తీసుకోవాలని సంఘం తరఫున డిమాండ్ చేద్దాం.

రుణం మనకు ఎవరూ పెట్టే భిక్ష కాదు. వడ్డీ కట్టి తెచ్చుకుంటున్నాం. ఆ డబ్బులోంచి మనకు చెప్పకుండా ఎవరూ ఒక్క రూపాయి తీయకూడదు. తీస్తే అడుగుదాం. రాసి అడుగుదాం.