చాదస్తం అన్న మాట చాటున



"కొంచెం చాదస్తం, అంతే డాక్టరుగారూ. వాళ్ల నాయనమ్మ పోలిక." ఓసీడీ (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్) ఉన్న పిల్లల తల్లుల నోట మనం తరచూ వినే తొలి మాట ఇది. పక్కన కూర్చున్న పదకొండేళ్లవాడి వేళ్లు సబ్బుకు పగిలి ఉంటాయి. పరీక్షలో రాసిందే చెరిపి మళ్లీ రాస్తూ సగం ప్రశ్నలు వదిలేసి ఉంటాడు. ఆ ఒక్క మాట చాటున జబ్బు ఏళ్ల తరబడి దాక్కుంటుంది. నాయనమ్మకు మడి కట్టుకుంటే మనసు నెమ్మదిస్తుంది. వీడికి కడిగేకొద్దీ అనుమానం పెరుగుతుంది. చేస్తున్నదానికి అర్థం లేదని చాలాసార్లు వీడికే తెలుసు. ఆపడమే చేతకాదు.

దారి లేకపోలేదు. భయపెట్టేదాన్ని ముట్టుకోనిచ్చి, ఆ తర్వాత కడుక్కోకుండా నిలబెట్టే పద్ధతిని 1966లో విక్టర్ మేయర్ లండన్‌లో చూపించారు. పిల్లల విషయంలో గట్టి రుజువు 2004లో అమెరికా నుంచి వచ్చింది. 7 నుంచి 17 ఏళ్ల వయసున్న 112 మంది, 12 వారాలు. జబ్బు దాదాపు పోయినవారు ఉత్తుత్తి మాత్రతో నూటికి 4, సెర్ట్రలీన్ మందుతో 21, ఆ పద్ధతి కలిసిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో 39, రెండూ కలిపితే 54. మందును తక్కువ చేయడం లేదు. తీవ్రత ఎక్కువున్న పిల్లలకు అది కావాలి; మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలేమైనా వస్తున్నాయా అని కనిపెట్టుకునీ ఉండాలి. అయితే మన ఊళ్లలో మందుచీటీ దొరికినంత సులువుగా థెరపీ దొరకదు. నా బాధ అక్కడే.

థెరపీలో సగం పని ఇంట్లోవాళ్లది. "అమ్మా, చేతులు శుభ్రంగా ఉన్నాయా?" "ఉన్నాయి నాన్నా." పది నిమిషాల నెమ్మది, మళ్లీ అదే ప్రశ్న. వాడి బదులు నాన్న తలుపు గడియ తీస్తాడు, అక్క స్కూలు వేళకు స్నానాల గది బయట నిలబడుతుంది. అంతా ప్రేమే. ఆ ప్రేమనే జబ్బు మేతగా తింటుంది. అలాగని ఒక్కరోజులో అన్నీ మానేయమంటే పిల్లవాడు తట్టుకోలేడు. వాడితో కూర్చుని, వాడు ఒప్పుకున్న చిన్న మెట్టుతో మొదలుపెట్టాలి: ఇవాళ గడియ ముట్టుకుని ఐదు నిమిషాలు కడుక్కోకుండా ఉండడం. భయం దిగుతుందని వాడికి మాట ఇవ్వకండి, ఒక్కోసారి దిగదు. దిగకపోయినా ఉండగలిగానని వాడు తెలుసుకుంటే చాలు.

ఇదంతా జరగాల్సింది వాడి తెలుగులో. మన పాఠ్యపుస్తకాల సంస్కృత సమాసాలు పదకొండేళ్లవాడికి అక్కరకు రావు. తల్లికి నేను నేర్పే జవాబు ఇది: "అది నువ్వడిగే ప్రశ్న కాదు కన్నా, ఆ భయం అడిగిస్తోంది. దానికి జవాబు చెప్పను. నీ పక్కనే కూర్చుంటాను." మీలో ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటి వాక్యాలు ఉన్నాయి. ఈ రెండు రోజుల సదస్సులో మీ పత్రాలతోపాటు వాటినీ ఈ వేదిక మీద చదవండి, రాసుకోవడానికి నేను కాగితం తెచ్చుకున్నాను.