పగటి ఛాయాచిత్రములో రాత్రి నగరము

రేడియో నాటకములో రాత్రిని కల్పించుట మాకు కష్టమైన పని కాదు. కీచురాళ్ళ ధ్వని కొంత, దూరముగా ఒక కుక్క అరపు, గస్తీవాని కర్రచప్పుడు చేర్చితిమా, శ్రోతల మనస్సులో చీకటి దానంతట అదే పరచుకొనును. ఛాయాచిత్రకారునకు ఈ సౌకర్యము లేదు. అతడు చీకటిని కంటికి చూపవలెను. చూపుటకు మరల వెలుగే కావలెను. ఈ చిక్కును కంప్యూటరుపై ఎట్లు విప్పుచున్నారో, విప్పిన తరువాత ఆ చిత్రము ఎవరి చేతికి పోయి ఏమి చేయుచున్నదో నేడు ముచ్చటింప దలచితిమి.

పట్టపగటిని రాత్రిగా మార్చు విద్య కొత్తది కాదు. సినిమావారు మధ్యాహ్నపుటెండలో రాత్రి దృశ్యములు తీయుట ఎన్నడో నేర్చిరి. కెమెరాలోనికి వచ్చు వెలుగును తగ్గించి, నీలపు ఛాయ కల్పించి, ఆకాశము చట్రములోనికి వీలైనంత తక్కువగా వచ్చునట్లు జాగ్రత్తపడుట ఆ పద్ధతి. ఫ్రెంచివారు దానిని ‘అమెరికన్ రాత్రి’ అందురు. 1973లో ఫ్రాంస్వా త్రుఫో ఆ పేరుతోనే ఒక చిత్రము నిర్మించెను. మన ఇండ్లలో అందరికిని తెలిసిన ఉదాహరణము 1957 నాటి ‘మాయాబజార్’. అందులోని నౌకావిహార గీతమున నీటిపై పరచుకొన్న వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కల్పించిన వెన్నెల. అదే చిత్రములోని ద్వారకానగరము మద్రాసు వాహినీ స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల స్థలములో నిలిపిన బొమ్మల నగరము. సుమారు 300 చిట్టి ఇండ్లు కట్టి, వానికి విద్యుద్దీపములు అమర్చిరి. మాధవపెద్ది గోఖలే, కళాధర్ ఆ చిత్రమునకు కళాదర్శకులు. ద్వారకను చూచిన ప్రేక్షకులు మోసపోయినామని ఎవరును ఫిర్యాదు చేయలేదు. టిక్కెట్టు కొన్నదే ఆ మాయ కొరకు గదా! అదే చిత్రమును 2010లో హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థవారు కంప్యూటరుతో రంగులలోనికి మార్చిరి.

నేడు ద్వారకను నిలుపుటకు వడ్రంగులు, రంగులవారు, దీపములవారు అక్కరలేదు. 1987లో థామస్ నోల్ అను అమెరికన్ విద్యార్థి ప్రారంభించిన ఒక ప్రోగ్రాముకు, సినిమా మాయల సంస్థలో ఉద్యోగియైన అతని సోదరుడు జాన్ తోడయ్యెను. అది 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థద్వారా ‘ఫొటోషాప్’ అను పేరుతో వెలువడెను. 1996లో వచ్చిన ‘గింప్’ అను మరియొకటి ఉచితముగా లభించును. ఇప్పుడు మాట చెప్పిన మాత్రమున బొమ్మ గీసి యిచ్చు కృత్రిమమేధయు వచ్చినది. అయినను చేతితో చేయు పద్ధతిని తెలిసికొన్నవారికే దాని తప్పులు కనబడును. కావున చేతిపద్ధతినే చెప్పెదము.

శామీర్‌పేట చెరువుకట్టమీద నిలిచి తీసిన ఒక పగటి చిత్రమును ఊహించుకొందము. ముందు నీరు, ఆవల చెట్లు, ఆ వెనుక కొత్తగా లేచిన నాలుగైదు అంతస్తుల మేడలు. ఇట్టి పనికి ఎండకాచిన చిత్రము పనికిరాదు. ఎండలో ప్రతి గోడకును ఒక నీడ పడియుండును. ఆ నీడలను ఎంత చీకటిలో ముంచినను అవి సూర్యుని పేరు చెప్పుచునే యుండును. మబ్బుపట్టిన దినమున తీసినది మేలు. సూర్యుడు అస్తమించిన పిమ్మట పదిహేను ఇరువది నిమిషములలో తీసినది అన్నిటికంటె మేలు. ఆ మునిమాపువేళ ఆకాశపు వెలుగును దీపపు వెలుగును ఇంచుమించు సమానముగా నుండును.

మొదటి పని ఆకాశమును వేరుచేయుట. కత్తిరించి పారవేయరాదు. మాస్కు అను ముసుగు వేసి కప్పవలెను. కప్పినదానిని ఎప్పుడైనను విప్పవచ్చును, పారవేసినది తిరిగి రాదు. ఈ ప్రోగ్రాములలో చిత్రము ఒకే పలకపై నుండదు. ఒకదానిపై నొకటి పేర్చిన గాజుపలకలవలె పొరలుగా నుండును. వీనినే లేయర్లందురు. అడుగున అసలు ఫొటో, దానిపై చీకటి, చీకటిపై దీపములు, దీపములపై పొగమంచు. ఏ పొరను కదల్చినను తక్కినవి చెడవు.

కొత్తవారు ఆకాశమునకు కాటుకనలుపు పూయుదురు. అచ్చట చిత్రము చచ్చిపోవును. రాత్రి ఆకాశము నగరములో ఎన్నడును కటికనలుపు కాదు. శామీర్‌పేటకు దక్షిణమున హైదరాబాదు ఉన్నది. ఆ నగరపు దీపముల వెలుగు ధూళిపై పడి చెదరి, ఆకాశపు అంచును తెల్లబరచును. కావున పైన ముదురునీలము, క్రిందికి వచ్చుకొలది పలుచబారిన బూడిదరంగు వేయవలెను. ఆ అంచునకు ఎదురుగా మేడలు నల్లగా నిలిచినప్పుడే అవి మేడలవలె కనబడును.

నేలను చీకటి చేయుటకు ‘మల్టిప్లై’ అను పద్ధతి కలదు. పేరే చెప్పుచున్నట్లు ఇది గుణకారము. తెలుపును 1 అనియు నలుపును 0 అనియు అనుకొన్నచో, సగము వెలుగుపై సగము వెలుగు పొర వేసినప్పుడు పావువంతు మిగులును. ‘స్క్రీన్’ అను పద్ధతి దీనికి తలక్రిందులు. రెంటిలోని చీకట్లను గుణించును గాన, సగమును సగమును కలిసి ముప్పాతికయగును. కావున చీకటిని మల్టిప్లైతో దింపవలెను, దీపమును స్క్రీనుతో వెలిగింపవలెను. ఈ కొంచెము లెక్క తెలిసినవారికి మిగిలిన మెనూ అంతయు భయపెట్టదు.

వెలుగుతోపాటు రంగును తగ్గింపవలెను. మన కంటిలో రంగులను గుర్తించు కణములు మసక వెలుతురులో పనిచేయవు. వెలుగుచీకట్లను మాత్రము గుర్తించు వేరొకరకపు కణములు అప్పుడు పనికి వచ్చును. బొహీమియా శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 19వ శతాబ్ది ఆరంభమున దీని ఫలితమును గమనించెను. దొడ్లో మందారచెట్టు ఉన్నవారు ఏ సాయంకాలమైనను చూడవచ్చును. చీకటి పడుచుండగా ఎర్రని పువ్వు ముందు నల్లబడును, ఆకులు మరికొంతసేపు కనబడుచుండును. కావున రాత్రి చిత్రములో ఎరుపును మొదట అణచవలెను. మేడకు వేసిన ఎర్రరంగు రాత్రియందును ఎర్రగానే వెలుగుచున్నచో అది కంప్యూటరు పని యని పసివాడైనను చెప్పును.

ఇక దీపములు. పని రుచించునది ఇచ్చటనే. కిటికీలన్నిటిని ఒక్కసారిగా పసుపుపచ్చన చేయువారు కలరు. అది పెండ్లివారి ఇల్లగును గాని ఊరు కాదు. కొన్ని ఇండ్లలో నిదురపోయియుందురు, కొన్నింట ఊరికి పోయియుందురు, ఒకచోట వంటగదిలో మాత్రమే దీపముండును. పాతబల్బు వెలుగు పసుపు, ట్యూబులైటుది నీలపు తెలుపు, సోడియం దీపముది నారింజ. టెలివిజను నడచుచున్న గది నీలముగా నుండును. ఏ కిటికీకి ఏ రంగు ఇయ్యవలెనో తేల్చుకొనుటలో ఆ ఇంటివారిని గూర్చి కొంత ఊహింపక తప్పదు. ఛాయాచిత్రకారుడు ఇచ్చట కథకుడగును.

దీపమును వెలిగించుటతో పని తీరదు. ఆ వెలుగు పడినచోటును చూపవలెను. దీపస్తంభము క్రింద రోడ్డుపై ఒక మడుగువలె వెలుగుండవలెను. దూరము రెట్టింపైనచో వెలుగు నాల్గవవంతగును గనుక ఆ మడుగు అంచు త్వరగా చీకటిలో కరగవలెను. దీపముల పొరకు మరియొక ప్రతి తీసి, దానిని మసకబరచి పైన స్క్రీను వేసినచో గాలిలోని ధూళికి పట్టిన కాంతివలయము ఏర్పడును. నీటిలో ప్రతి దీపమునకును సరిగా దాని క్రిందనే ప్రతిబింబము రావలెను. అయితే అలలున్న నీటిలో అది చుక్కగా నుండదు, నిలువుగా సాగిన గీతయై తునుకలు తునుకలుగా వణకుచుండును. అసలు దీపముకంటె కొంచెము మందముగాను ఉండును.

చంద్రుని మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఎక్కువ పాపములు ఆయన పేరనే జరుగుచున్నవి. చంద్రుని వెడల్పు ఆకాశమున అర డిగ్రీ మాత్రమే. చేయి చాచి పట్టిన చిటికెనవ్రేలి గోరు ఆయనను పూర్తిగా కప్పివేయును. అడ్డముగా సుమారు 70 డిగ్రీల దృశ్యమును పట్టు సెల్‌ఫోను చిత్రములో ఆయన వెడల్పు చిత్రపు వెడల్పులో 140వ వంతు. మేడమీద బండిచక్రమంత చంద్రుని నిలుపుట శోభకు కావచ్చును గాని సత్యమునకు కాదు. నిండుచంద్రుడు సూర్యుడస్తమించు వేళకు తూర్పున ఉదయించును. ముందురాత్రివేళ పడమట పౌర్ణమి చంద్రుడున్న చిత్రమేదైనను కల్పితమే. నెలవంక కొమ్ములనడుమ నక్షత్రము పొదిగినవారును కలరు. అచ్చట చంద్రుని చీకటిభాగమున్నదని, దాని గుండ నక్షత్రము కనబడదని వారికి తోచలేదు. దీపములు మిలమిలలాడు నగరముపై పాలపుంతను పరచుటయు ఇట్టిదే.

ఇంతవరకు వినోదము. ఇటువంటి చిత్రములు వినోదమును దాటిపోయిన సందర్భములును ఉన్నవి. దీపావళి రాత్రి అంతరిక్షమునుండి భారతదేశమని ప్రతి సంవత్సరము చేతులు మారు రంగురంగుల చిత్రమును మన శ్రోతలలో చాలమంది చూచియుందురు. అది దీపావళి చిత్రము కాదు, ఒక రాత్రి చిత్రమే కాదు. అమెరికా వాతావరణ సంస్థ నోవాకు చెందిన క్రిస్ ఎల్విడ్జ్ అను శాస్త్రజ్ఞుడు, జనావాసములు ఎట్లు పెరిగినవో చూపుటకై వేర్వేరు సంవత్సరముల ఉపగ్రహ చిత్రములను కలిపి చేసినది. 1992కు పూర్వపు దీపములకు తెలుపు, 1992, 1998, 2003లలో కనబడిన వానికి వరుసగా నీలము, ఆకుపచ్చ, ఎరుపు ఇచ్చిరి. 2012 నవంబరులో నాసావారు ఆ పండుగనాటి నిజమైన చిత్రమును ప్రచురించి, దీపావళివలన అదనముగా పుట్టు వెలుగు అంతరిక్షమునుండి గుర్తింపరానంత స్వల్పమని తెలిపిరి. చిత్రము చేసినవారు అబద్ధమాడలేదు. దాని క్రిందనున్న వివరము ఊడిపోయినది, అంతే.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఈ సంగతి ఇంటికి ఇంకను దగ్గరగా వచ్చును. ఒకవైపు నాగపూరు రహదారి, ఒకవైపు కరీంనగరు పోవు రాజీవ్ రహదారి, రెంటిని కోయుచు వలయరహదారి. నిన్నటి జొన్నచేలు నేడు ప్లాట్లైనవి. వానిని అమ్ము కరపత్రములపై రాత్రి చిత్రములే యెక్కువ. వరుస దీపములు, తడిసి మెరయు రోడ్డు, నీటిలో మేడల నీడలు. పగటి చిత్రములో ముండ్లకంపయు హద్దురాళ్ళును కనబడును. రాత్రి చిత్రములో చీకటి వానిని కప్పివేయును, వెలుగు కోరినచోట మాత్రమే పడును. అమ్మువారికి రాత్రి యనిన ప్రీతి ఇందువలననే. తాను కట్టబోవు దానిని ఊహాచిత్రముగా చూపుటలో దోషము లేదు. ఆ మాటను చిత్రముపైననే చదువదగిన అక్షరములతో వ్రాయకుండుట దోషము. పిల్లల చదువునకు దాచిన సొమ్మును, ఇంటనున్న బంగారమును ఒక చిత్రమును నమ్మి బయానాగా ఇచ్చు కుటుంబములు కలవు.

2016 నాటి రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టము, అనగా రేరా, ఈ సందర్భమున తోడ్పడును. దాని 11వ సెక్షను ప్రకారము ప్రకటనలో రిజిస్ట్రేషను నంబరును, ప్రాధికార సంస్థ వెబ్‌సైటు చిరునామాయు ఉండవలెను. ప్రకటనలోని గాని, నమూనాలోని గాని తప్పుడు మాటను నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారు 12వ సెక్షను క్రింద పరిహారము కోరవచ్చును. వైదొలగదలచినచో చెల్లించిన సొమ్మును వడ్డీతో తిరిగి పొందవచ్చును. కావున కరపత్రమును పారవేయక రశీదుతోపాటు దాచుట మంచిది.

చిత్రమును పరీక్షించుట కష్టము కాదు. దీపస్తంభము క్రింద వెలుగు మడుగున్నదా? ప్రతి దీపమునకును నీటిలో జతయున్నదా? చెట్ల నీడలన్నియు ఒకేవైపు పడి లోపలి సూర్యుని పట్టియిచ్చుచున్నవా? చంద్రుడు ఏ పరిమాణమున, ఏ దిక్కున ఉన్నాడు? ఇవన్నియు సరిగానున్నను చిత్రము నిజమని కాదు, చేసినవాడు పనిమంతుడని మాత్రమే. అటుపై మిగిలిన పరీక్ష కంటితో చూచుటయే. స్థలము చూపుటకు ఏజెంట్లు సాధారణముగా ఆదివారము ఉదయము కారు పంపుదురు. రాత్రి ఏడున్నరకు పంపగలరా యని వారిని అడుగవచ్చును.