అతుకుల బొంత: పేలికలతో మన చేతిపని



మాకు ఈ వేదిక మీద పది నిమిషాలు ఇచ్చిన సంఘం పెద్దలకు కృతజ్ఞతలు. మేము ఏడుగురం, ఒకే తండా వాళ్లం. ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు, ఒకరు నర్సింగ్, ముగ్గురం ఇంటి దగ్గరే ఉంటున్నాం. మాలో ఉన్న ఒకే ఒక్క తమ్ముడు టైలర్ షాపులో పని చేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం వేపచెట్టు కింద చాప పరుచుకుని గుడ్డ పేలికలతో చిన్న చిన్న వస్తువులు కుడతాం. ఆ సంగతే మీతో చెప్పుకుందామని వచ్చాం.

తెలుగులో "అతుకుల బొంత" అంటే తిట్టు లాంటి మాట. పొందిక లేని పనిని అలా అంటారు. కానీ మన ఇంటి పెట్టె తెరిచి చూడండి. దాదీ కట్టిన ఫేటియా, కాంచళి, తల మీద కప్పుకునే టుక్రి అన్నీ అతుకులే. ఎర్ర గుడ్డ పక్కన నల్లది, దాని మీద పసుపు ముక్క, మధ్యలో అద్దం, అంచుకు గవ్వ. ముక్క పక్కన ముక్క పెట్టి అందంగా నిలబెట్టడం మనవాళ్లకు తరతరాలుగా వచ్చిన విద్య. అతుకు అన్న మాటకు మనం సిగ్గుపడాల్సిన పని లేదు.

మేము మొదలుపెట్టింది మాత్రం సరదాకే. మా తమ్ముడు షాపులో రోజూ ఒక సంచెడు పేలికలు ఊడ్చి పారేసేవాడు. ఒకరోజు ఆ సంచి ఇంటికి తెచ్చాడు. జాకెట్ ముక్కలు, లంగా అంచులు, అస్తరు గుడ్డలు. వాటితో మొదట కుట్టింది పొయ్యి మీది గిన్నె దించుకునే మసిగుడ్డ. మీరూ దానితోనే మొదలుపెట్టండి. తప్పు పోయినా నష్టం లేదు, వంటింట్లో పనికొస్తుంది.

ఎలాగో చెప్తాం. ముందు నూలు గుడ్డలే ఏరుకోండి. అనుమానం ఉంటే ఒక దారం తీసి, పెద్దవాళ్లు పక్కన ఉండగా, స్టీలు పళ్లెంలో కాల్చి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. వేడి గిన్నె పట్టుకునే గుడ్డకు అది పనికిరాదు. రంగు దిగే గుడ్డలుంటాయి కాబట్టి ఏరినవన్నీ ఒకసారి ఉతికి ఆరేయండి.

అట్టముక్క మీద 3 అంగుళాల చదరం గీసి కత్తిరించుకుంటే అదే కొలత. దానితో 9 ముక్కలు కోయండి. నేల మీద మూడు వరసలుగా పేర్చి, రంగులు కుదిరాయా లేదా అని కాసేపు చూడండి. మాకు అన్నిటికంటే ఇష్టమైన ఘడియ ఇదే. ఒకరు ఎరుపు పక్కకు జరుపుతారు, ఇంకొకరు మళ్లీ తెచ్చి పెడతారు. తర్వాత పావు అంగుళం లోపలికి కుడుతూ ముందు వరసలు, ఆ పైన వరసకు వరస కలపండి. మొత్తం 8 అంగుళాల చదరం వస్తుంది.

పాత తువ్వాలు రెండు మడతలు, వెనక వేసే గుడ్డ ఒకటి, అన్నీ 8 అంగుళాలకే కోయండి. తువ్వాలు కింద పరిచి, దాని మీద అతుకుల గుడ్డ మంచి వైపు పైకి, ఆ పైన వెనక గుడ్డ మంచి వైపు కిందికి పెట్టండి. మూడు వేళ్లు దూరేంత సందు వదిలి చుట్టూ కుట్టి, ఆ సందులోంచి తిరగేసి, సందు మూసేయండి. చివరగా అతుకుల వెంట అన్ని పొరలూ కలిసేలా చిన్న చిన్న టాకాలు వేయండి. ఆ టాకాలే బొంతను బొంత చేసేవి. అవి లేకపోతే ఉతికినప్పుడు లోపలి తువ్వాలు ఒక మూలకు చేరుతుంది. మిషన్ లేకున్నా సూది, దారంతో రెండు సాయంత్రాల పని. దీనికి మాత్రం అద్దాలు కుట్టకండి. చెయ్యి కాలుతుంది!

ఇంతవరకు సంతోషంగా చెప్పాం. ఇప్పుడు మేము చేసిన తప్పు కూడా చెప్పాలి.

మసిగుడ్డలు, ఫోన్ సంచులు అయ్యాక మాకు ధైర్యం వచ్చింది. కాలేజీ మేళాలో స్టాల్ పెడదామనుకున్నాం. కొత్త పేలికల కంటే పాత కుట్టుపని ఉంటే బాగా అమ్ముడుపోతుందని ఎవరో అన్నారు. ఇంట్లో ట్రంకు పెట్టెలో నడుము దగ్గర చిరిగిన ఒక ఫేటియా ఉంది. ఎవరూ కట్టడం లేదు కదా అని అంచు పట్టీ కోసేశాం. నాలుగు సంచులు వచ్చాయి. మూడు ఒక్క పూటలో పోయాయి. నాలుగోది గర్వంగా దాదీకి చూపించాం.

దాదీ దాన్ని అటూ ఇటూ తిప్పింది. అద్దాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమింది. మన గోర్ బోలిలో అన్నది, ఇక్కడ తెలుగులో చెప్తున్నాం: "నా పెళ్లికి మా యాడి కుట్టింది ఇది. చిరిగింది నడుమే కదా బిడ్డా. నడుము మారిస్తే సరిపోయేది."

తిట్టలేదు. అంతే అని సంచి మా చేతిలో పెట్టి లోపలికి పోయింది. మేము ఏడుగురం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

తండాలకు పాత బట్టలు కొనేవాళ్లు వస్తుంటారు. స్టీలు గిన్నెలిచ్చి ఫేటియాలు పట్టుకుపోతే, వాటిని కోసి దిండు గలీబులు, సంచులు చేసి అమ్ముతారని మేమే కోపంగా మాట్లాడుకునేవాళ్లం. మేము చేసిందీ అదే పని. మిగిలిన ఒక్క సంచి కుట్లు విప్పి, ఆ పట్టీని కొత్త ఎర్ర గుడ్డకు అతికించి దాదీకి ఇచ్చాం. మిగతా మూడు ఎవరి భుజాన ఉన్నాయో ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి మాకో పద్ధతి ఉంది. సూది పట్టుకోకముందే గుడ్డలను మూడు గుట్టలు చేస్తాం. మొదటిది కోయదగినవి: టైలర్ షాపు పేలికలు, అరిగిన చీరలు, చొక్కాలు. రెండోది బాగు చేయదగినవి: గుడ్డ పోయినా కుట్టు నిలిచి ఉన్నవి. వాటిని కోయం, కింద కొత్త గుడ్డ వేసి నిలబెడతాం. మూడోది, కుట్టినవాళ్లనో వాళ్ల పిల్లలనో అడగకుండా ముట్టుకోకూడనివి. ఏది ఏ గుట్టలోకో తేలకపోతే అది మూడో గుట్టే.

మనలాంటి పని చేసేవాళ్లు వేరే చోట్లా ఉన్నారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీ ఆడవాళ్లు పాత చీరల మీద పేలికలు పేర్చి కవంది అనే బొంతలు కుడతారు. బయటి అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యలో ముగిస్తారు. నాలుగు మూలల్లో మడత పెట్టిన చిన్న గుడ్డలు కుట్టి వాటిని పూలు అంటారు. ఆ పూలు లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు.

ఇక మనవాళ్ల మాటకొస్తే, బళ్లారి జిల్లా సండూరు లంబాణీ కుట్టుపనికి జీఐ గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1755 వస్తువులను ఒకే చోట ప్రదర్శించారు. అది గిన్నిస్ రికార్డు అయింది. వాళ్లు 14 రకాల కుట్లు లెక్కపెడతారు. కిలన్, వేలే, మాకీ, రేలో, నక్రా వాటిలో కొన్ని. మన ఇళ్లలో ఎన్ని కుట్లున్నాయో మనం ఎప్పుడైనా లెక్కపెట్టామా?

మేము మొదలుపెట్టాం. దాదీకి ఇప్పుడు చూపు ఆనదు, సూదిలో దారం మేమే ఎక్కిస్తాం. పేలిక మీద ఒక్కో కుట్టు వేయించుకుని, పక్కన పేరు రాసి, ఫోన్‌లో ఆమె చేతుల వీడియో తీసుకుంటున్నాం. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. పదోది ఆ ఫేటియా అంచుకున్న కుట్టు. ఎలా మొదలుపెట్టాలో దాదీకే గుర్తుకు రాలేదు. నాలుగుసార్లు సూది గుచ్చి, తీసి, "రేపు చూద్దాం" అని పక్కన పెట్టింది. మా దగ్గర మిగిలిన పట్టీలో కొంచెమే ఉంది. అమ్మేసిన మూడు సంచుల్లో ఆ కుట్టు ఎక్కువగా ఉండేది.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక్క పని చెప్తున్నాం. వచ్చే ఆదివారం ఒక మసిగుడ్డ కుట్టండి. అది పట్టుకుని మీ దాదీ దగ్గరికో, నానీ దగ్గరికో వెళ్లి పక్కన కూర్చోండి. ఇంట్లో పాత ఫేటియా ఉంటే బయటికి తీసి, "ఇది ఎవరు కుట్టారు? ఈ కుట్టు పేరేంటి?" అని అడగండి. చెప్పింది రాసుకోండి. మగపిల్లలు మాకెందుకు అనుకోవద్దు, మాలో అందరికంటే సన్నగా టాకా వేసేది మా తమ్ముడే.

సభ అయ్యాక ఆ పట్టీ ముక్క మా దగ్గరే ఉంటుంది, గుమ్మం పక్కన బల్ల మీద పెడతాం. వెళ్లేటప్పుడు ఒక్కసారి చూడండి. అలాంటి అంచు మీ ఇంట్లో ఉంటే, అది వేయగల చెయ్యి ఇంకా ఉంటే, మాకు చెప్పండి. దాదీని తీసుకుని మేమే మీ తండాకు వస్తాం.

జై సేవాలాల్.