విందులో పొదుపు, నేలకు మేలు
(సిద్దిపేట సంఘ కూటములో చేసిన ప్రసంగము)





మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 2024తో దానికి నూరేండ్లు నిండినవి. కరవు నాళ్ళలో ఆ నిర్మాణపు పని ఎన్నో కుటుంబములకు కూడు పెట్టినది. అట్టి పండుగ చూచిన మనము, రానున్న నూరేండ్ల వారికి ఈ నేలను ఏ స్థితిలో అప్పగించెదమో ఆలోచింపవలెను. ఇది పెద్ద సభలలో తేలు మాట కాదు; మన పెండ్లి పందిరిలో, మన వంటింటిలో తేలవలసిన మాట.

ఒక చిన్న లెక్క వేసికొందము. మూడు వందల మంది విందుకు మనిషికి పళ్ళెము, గ్లాసు, గిన్నె ఒక్కొక్కటి వాడినచో 900 వస్తువులు ఒక్క పూటలో చెత్త యగును. కూర వాసనకు పశువులు వాటిని మింగును. ప్లాస్టిక్ అరుగక కడుపులో పేరుకొని ప్రాణము తీయును. కాల్చినచో విషపు పొగ. కాగితపు గ్లాసు మేలనుకొందుము గాని, దాని లోపల కూడ పలుచని ప్లాస్టిక్ పొర యుండును. 2022 జులై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ దేశమంతట నిషేధింపబడినవి. చట్టము వచ్చినది గాని అలవాటు పోలేదు.

మార్గము మన ఊరిలోనే కలదు. సిద్దిపేట పట్టణములోను, గుర్రాలగొంది వంటి పల్లెలలోను స్టీలు బ్యాంకులు పెట్టిరి. పళ్ళెములు, గ్లాసులు విందుకు తెచ్చుకొని, కడిగి, తిరిగి అప్పగించుటయే.

"కడుగువారెవరు?" అని తల్లులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆ భారము వారి మీదనే పడినచో ఈ పని నిలువదు. శిష్యుల పాదములు కడిగిన ప్రభువును సేవించు పురుషులు, యౌవనస్థులు ఎంగిలి పళ్ళెము కడుగుటకు సిగ్గుపడనేల? మరొక మాట. మన తాతలకు వేరు గ్లాసు పెట్టిన హోటళ్ళను మనము మరువలేదు. అందరును ఒకే వరుస నుండి పళ్ళెము తీసికొని భుజించుట మనకు సాక్ష్యము కూడ.

ఇతర ఖర్చులు చూడుడి. ఫ్లెక్సీకి బదులు, తేదీ వ్రాయని గుడ్డ బ్యానరు ఏటేట పనికివచ్చును. క్రిస్మస్ నక్షత్రమునకు వెదురు బద్దలు, రంగు కాగితము చాలును. బంతిపూలు, మామిడాకులు మరునాడు ఎరువు గుంటలో వేయవచ్చును. మోదుగాకు విస్తరి మన అడవి ఇచ్చినదే. ఇంటిలో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయుట, సంతకు గుడ్డ సంచి తీసికొనిపోవుట, పాత చీరలతో బొంత కుట్టుట మన అవ్వల నాటి పొదుపే. "నలుగురు ఏమనుకొందురో" అని అప్పు చేసి ఆడంబరము చూపిన ఇల్లు, నలుగురు వెళ్ళిన పిమ్మట ఒంటరిగా వడ్డీ కట్టును.

కావున మేమొకటి కోరుచున్నాము. పెండ్లికి, ప్రతిష్ఠకు పనికిరాని బహుమతులు తెచ్చుటకంటె, తలిదండ్రుల జ్ఞాపకార్థము పేరు కొట్టించిన స్టీలు పళ్ళెమొకటి సంఘమునకు ఇయ్యుడి. ఇంటికి రెండేసి వచ్చినను, కొలది కాలములో మన విందులకు కావలసినవి సమకూరును. బీద కుటుంబము వాటిని ఉచితముగా వాడుకొనును. ఐదు రొట్టెల విందు పిమ్మట ముక్కలు కూడ వ్యర్థము కానీయక పోగుచేయించిన ప్రభువు మనకు మాదిరి. రాబోవు కోతపండుగ విందుతో దీనిని ఆరంభించెదము.

దేవుడు మనలను దీవించును గాక. ఆమేన్.