కరగిన పాలిథీను పూసకట్టు విధము



కాచిన నేతిని గిన్నెలో పోసి, కదల్పక నెమ్మదిగా చల్లారనిచ్చినచో పూసకట్టును. అదే నేతిని చన్నీటిలో నుంచి త్వరగా చల్లార్చినచో నున్నగా గడ్డకట్టునే కాని పెద్దపూస యేర్పడదు. ఇంటింటను గల ప్లాస్టిక్ బకెట్టునకును ఇట్టి చరిత్రయే కలదనిన కొందరికి వింతగా తోచవచ్చును. స్ఫటికమనగా పటికబెల్లమో ఉప్పురాయియో స్ఫురించును గాని బకెట్టు స్ఫురింపదు కదా.

ఆ బకెట్టునకు తరచుగా వాడు పదార్థము పాలిథీను. 1933లో ఇంగ్లాండునందలి విన్నింగ్‌టన్‌లో గిబ్సన్, ఫాసెట్ అను శాస్త్రజ్ఞులు ఇథిలీను వాయువును మిక్కిలి ఒత్తిడికి లోనుచేసి మరియొక ప్రయోగము చేయుచుండగా, మైనమువంటి తెల్లని వస్తువు తానై దొరకినది. దాని అణువొక పొడవైన గొలుసు. వేలకొలది కర్బన పరమాణువులు వరుసగా కూడియుండును. ఆ పాత పద్ధతి గొలుసులకు ప్రక్కకొమ్మలు మెండు. 1953లో జర్మనీయందు జీగ్లర్ కనుగొనిన పద్ధతిలో కొమ్మలు దాదాపు లేని గొలుసు లభించెను. తుమ్మకంపను ఎంత త్రొక్కినను మోపు కుదరదు. జొన్నచొప్పయైనచో కట్ట చక్కగా నమరును. మెత్తని సంచుల రకమునకును గట్టి బకెట్ల రకమునకును ముఖ్యభేద మిదియే.

గట్టిరకము సుమారు 130 సెంటిగ్రేడు డిగ్రీలు దాటిన పిమ్మట కరగిపోవును. అప్పుడు గొలుసులన్నియు చిక్కుపడిన నూలువలె ఒకదానిలో నొకటి దూరియుండును. చల్లార్చగనే స్ఫటిక మేర్పడదు. కరగు స్థానముకంటె కొన్ని డిగ్రీలు దిగువకు పోవలెను. అప్పుడచ్చటచ్చట, తరచుగా ఏ ధూళికణమునో యాశ్రయించి, ఒక విత్తు పుట్టును. దానినుండి పలుచని రేకులు బయలుదేరి, కొమ్మలుగా చీలుచు, అన్నివైపులకు పెరిగి గోళమగును. దీనిని స్ఫెరులైటు అందురు. ఇరుగుపొరుగు గోళములు ఎదురుపడి యాగిన చోట పొలము గట్లవంటి హద్దులేర్పడును. పలుచని పొరను ధ్రువితకాంతిలో సూక్ష్మదర్శినితో చూచినచో ఒక్కొక్క గోళముపై నల్లని సిలువగుర్తు కనుపట్టును. త్వరగా చల్లార్చిన విత్తులనేకము, గోళములు చిన్నవి. నిదానించిన విత్తులు కొలది, గోళములు పెద్దవి. నేతిపూస న్యాయమే.

రేకు దగ్గరకు వచ్చునప్పటికి శాస్త్రజ్ఞులకు పెద్ద చిక్కు వచ్చినది. దాని మందము సుమారు 10 నానోమీటర్లు, అనగా మిల్లీమీటరులో లక్షవ వంతు. పదివేల కర్బనములు గల గొలుసును తిన్నగా చాచినచో దాదాపు 1,270 నానోమీటర్లుండును. ఆ గొలుసు రేకులో పరుండక, నిలువుగా నిలిచియున్నది! నూరు మూరల త్రాడు మూరెడు పెట్టెలో నిలువున నెట్లు పట్టును? హంగరీలో జన్మించి బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున పరిశోధించిన ఆండ్రూ కెల్లర్ 1957లో సమాధానము చెప్పెను. గొలుసు చీర కుచ్చెళ్ళవలె మడతలుపడి, పైకి పోయి క్రిందికి మరలి, మరల పైకి పోవుచున్నదట. అయితే అతడు చూచినది ద్రావణమునుండి పెంచిన స్ఫటికము. కరగిన ముద్దనుండి పుట్టిన రేకులోను ఇట్లేయా?

ఫ్లోరీ యను అమెరికా పండితుడు, 1974లో నోబెల్ బహుమతి నందినవాడు, ఇందుకు సమ్మతింపలేదు. అంత చిక్కులోనున్న గొలుసునకు తీరికగా కుచ్చెళ్ళు పెట్టుకొను వ్యవధి యెక్కడిది? రేకునుండి వెడలిన గొలుసు, టెలిఫోను ఎక్స్ఛేంజిలోని తీగవలె, ఎక్కడో దూరమున మరల దూరునని అతని వాదము. 1979లో కేంబ్రిడ్జి సభయందు ఉభయపక్షములవారును గట్టిగా తలపడిరి. కాని ఒక లెక్క ఫ్లోరీ వాదమునకు అడ్డుతగిలినది. వెడలిన గొలుసులన్నియు మరలక బయట వంకరటింకరగా తిరిగినచో, అచ్చట స్ఫటికములోకంటె నెక్కువ క్రిక్కిరిసియుండవలెను, అది పొసగదు. పెద్దపేరును చూచి లెక్క తలవంచదు గదా! కావున పెక్కు గొలుసులు దగ్గరనే మరలుచున్నవి. కొన్ని మాత్రము దూరమేగుచున్నవి.

ఆ కొన్నింటి విలువ తక్కువది కాదు. ఒక రేకునుండి వెడలి ప్రక్కరేకులో చొచ్చిన గొలుసు రెండింటిని త్రాడువలె కట్టియుంచును. మిక్కిలి నిదానముగా చల్లార్చినచో రేకులు మందమై వస్తువు బిరుసెక్కును. కట్టుత్రాళ్ళు తగ్గి పెళుసగును. స్ఫటికము ఘనసెంటీమీటరునకు 1.00 గ్రాము తూగును, చిక్కుగా మిగిలిన భాగము 0.855 గ్రాము. బకెట్టు ముక్క 0.95 తూగినచో, అందులో దాదాపు మూడింట రెండువంతులు స్ఫటికమనియు, తక్కినది చిక్కు విడనే లేదనియు తేలును.

అచ్చులో బకెట్టు గోడ చల్లని లోహమును తాకినవైపు ముందు గడ్డకట్టును. లోపలిభాగము తరువాత చల్లారుచు, స్ఫటికములు పెరిగినకొలది కుంచించుకొనును. ఈ హెచ్చుతగ్గులచేత అడుగు వంకరపోవుట కలదు. అందుచేతనే అచ్చుపోయువారు ముద్దను లోనికి నెట్టుటకంటె, లోనికి పోయినదానిని చల్లార్చుటకే హెచ్చుకాలము వెచ్చింతురు.