కాగితం కాపాడిన పేర్లు
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"పాత రికార్డుల్లో మన పూర్వీకులు" అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను చరిత్రకారుణ్ణి కాను. 1972 నుంచి 2008 దాకా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కట్టలు కట్టడం, విప్పడం, నంబర్లు వేయడం తప్ప నాకు వేరే విద్య రాదు. కనుక నా అనుభవమే చెబుతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది. దాని బరువు కచేరీల్లో పనిచేసిన మీకే తెలుస్తుంది గనుక ఈ సభలోనే ఒప్పుకుంటున్నాను.

2012 జనవరిలో మా రామగిరికి ఒక దొరసాని వచ్చింది. వయసు డెబ్భైకి అటూ ఇటూ. స్కాట్లండు దేశస్థురాలు. పాత రికార్డుల సంగతి నాకు తెలుసునని ఎవరో చెప్పగా, మా ఊరి ఇంగ్లీషు మాస్టారు ఆమెను మా ఇంటికి తీసుకొచ్చారు. ఆమె తాత మన బంగారు గనుల్లో యంత్రాల పని చూసేవాడట. రామగిరి గనుల చరిత్ర మీలో చాలామందికి తెలుసు. జిబుటిల్, నార్త్ అనంతపూర్ అనే కంపెనీలు ఇక్కడ బంగారం తీశాయి. 1927లో ఆ పని ఆగిపోయింది. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ వారు యెప్పమాన గనిని నడిపారు. అది కూడా 2001లో మూతపడింది. 

దొరసాని తాతకు ఇక్కడ ఒక ఆడబిడ్డ పుట్టి, మూడో నెలలోనే పోయిందట. ఈమె తండ్రికి అక్క అన్నమాట. ఆ పసిబిడ్డ సమాధి చూడాలని అంత దూరం నుంచి వచ్చింది.

ఆమె సంచిలోని కాగితాలు చూసి నేను ఆశ్చర్యపోయాను. స్కాట్లండులో 1855 నుంచి జనన మరణ వివాహాలను ప్రభుత్వమే నమోదు చేస్తోంది. అంతకు ముందువి చర్చీ రిజిస్టర్లలో ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పాతది ఎరల్ అనే ఊరిది, 1553 నాటిది. ఆ రికార్డులన్నీ ఎడింబరోలో భద్రంగా ఉన్నాయి. ఆమె తాత జననం నమోదైన పుటలో తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు ఉన్నాయి. తల్లికి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంది. ఆ తల్లిదండ్రుల పెళ్ళి ఏ ఊళ్ళో, ఏ తేదీన జరిగిందో అదే వరుసలో రాసి ఉంది. ఒక్క పుట పట్టుకుంటే దాని వెనుక తరానికి దారి దొరికినట్టే.

మరి ఇక్కడ పోయిన బిడ్డ సంగతి ఆమెకెలా తెలిసింది? ఆ రోజుల్లో పాదిరీలు బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసిన లెక్కల నకళ్ళు మద్రాసు నుంచి లండనుకు వెళ్ళేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్కడే ఆమెకు బిడ్డ పేరు, వయసు, తేదీ దొరికాయి. 

మాస్టారూ, నేనూ, ఆమే ఆ కొండల పక్కన ఒక రోజంతా తిరిగాం. కంపచెట్లు, కూలిన గోడలు తప్ప ఏ గుర్తూ కనిపించలేదు. ఆమె మాత్రం దిగులుపడలేదు. "రాయి పోయినా పేరు కాగితంలో ఉంది. అది చాలు" అంది. మాస్టారు తెలుగులో చెప్పేదాకా ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మాటల్లో ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళలో పాతకాలంలో పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవారట. మన ఆచారమూ ఇంచుమించు అదే గదా! అందుకే వెతికేవాడికి తికమక. ఒకే పేరు తాతకూ ఉంటుంది, మనుమడికీ ఉంటుంది. పక్కన తండ్రి పేరు, వయసు చూసుకోకపోతే ఒకరిని ఇంకొకరుగా పొరబడతాం.

మన జిల్లాకు, ఆ దేశానికి ఉన్న సంబంధం గనులతో మొదలైంది కాదు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చినప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. 1807 దాకా ఇక్కడుండి, చేను చేనూ కొలిపించి రైతువారీ లెక్కలకు పునాది వేశాడు. ఆయన పేరు మీద ఈ ప్రాంతంలో మన్రోలప్ప అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. గ్రామగ్రామానికీ కైఫీయతులు రాయించిన కాలిన్ మెకంజీ స్టోర్నవే అనే దీవి పట్నంవాడు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఆ కైఫీయతుల కోసం విషయాలు చెప్పినవారిలో ఊరి కరణాలు కూడా ఉన్నారు. అంటే మనలాంటి లెక్కలు రాసేవారే.

ఇక నా సంగతికి వస్తాను. వెళ్ళబోయే ముందు ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "మా తాతతో పనిచేసిన మీవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?" 

మా జేజినాయన ఆ గనిలోనే తొట్లు తోశాడు. ఆయన ఏ సంవత్సరం పోయాడో నాకు తెలియదు. మా జేజి అసలు పేరేమిటో కూడా తెలియదు. ఇంట్లో అందరికీ ఆమె జేజి, ఊరికి ఫలానావాని పెండ్లాం. వేల మైళ్ళ అవతల ఉన్న మనిషికి ఇక్కడ మూడు నెలలు బతికిన బిడ్డ పేరు తెలుసు. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు మా జేజి పేరు తెలియదు.

మనవాళ్ళు రాయలేదా అంటే, రాశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం వచ్చింది. ఊళ్ళో గ్రామాధికారులు ఆ పుస్తకాలు రాసేవారు. అవేమయ్యాయంటే, నాలాంటివాడి చేతిలో పడ్డాయి.

1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఊళ్ళ నుంచి లెక్కల మూటలు ఎడ్లబండ్ల మీద, సైకిళ్ళ మీద కచేరీకి వచ్చి పడ్డాయి. రికార్డు గది నిండిపోయింది. మిగిలినవి వెనుక వసారాలో పెట్టించి, జాబితా రాయమని నాకు అప్పగించారు. రేపు, ఎల్లుండి అనుకుంటూ వాయిదా వేశాను. ఎన్నికలు వచ్చాయి, 1985లో మండలాలు వచ్చాయి. వానలకు మూటలు తడిశాయి, చెదలు పట్టాయి. 

ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, కె.డిస్. మూడేళ్ళు, ఎల్.డిస్. ఒక ఏడాది అని మనకందరికీ కంఠోపాఠం. జనన మరణ రిజిస్టరు పారేయదగినది కాదని నాకూ తెలుసు. అయినా ఒక్కొక్కటీ విప్పి చూడకుండానే, "శిథిలమై చదువుటకు వీలులేనివి" అని నోటు రాసి సంతకానికి పెట్టాను. తగలబెడుతున్నప్పుడు ఒక మూట మీద మా పెద్దల పల్లె పేరు కనిపించింది. ఆగి తీసి ఉండొచ్చు. తీయలేదు. పై అధికారి సంతకం ఉంది గదా అనుకున్నాను. కానీ నోటు రాసింది నేనే.

దొరసాని వెళ్ళాక నేనే వెతకడం మొదలుపెట్టాను. భూముల రిజిస్టర్లలో జేజినాయన పేరు కనబడలేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఫీజు కట్టి, 1920 నుంచి పదిహేనేళ్ళ పేర్ల ఇండెక్సు చూపించుకున్నాను. పేరు రాసినవారు ఎలా రాశారో ఏమో, అందులోనూ లేదు. చివరికి పక్క చేనివారి ఇంట్లో ఉన్న పాత దస్తావేజు చదువుతుంటే, చెక్కుబందీలో "తూర్పు: ఫలానావారి చేను" అని మా జేజినాయన పేరు! దాన్నిబట్టి సర్వే నంబరు తెలుసుకుని, ఆస్తుల ఇండెక్సు తిరగేయిస్తే 1929 నాటి క్రయ దస్తావేజు దొరికింది. గని మూతపడ్డాక కూలి లేక ఆ కాస్త చేనూ అమ్ముకున్నారు. అమ్మినవారిలో రెండో పేరు మా జేజిది. పక్కన "వేలిముద్ర" అని రాసి ఉంది.

అరవై ఏళ్ళు దాటాక మా జేజి పేరు నాకు తెలిసింది. నకలు తీసుకుని బయట మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇప్పుడు మా ఇంట్లో చిన్న మనుమరాలికి ఆ పేరే పెట్టుకున్నాం. అయితే ఆ దస్తావేజులో ఆమె పుట్టింటివారి పేరు లేదు. వాళ్ళు ఏ ఊరివారో నాకు ఇప్పటికీ తెలియదు.

మిత్రులారా, భూమి ఉన్నవాడు అడంగల్‌లో ఉంటాడు. మాన్యం ఉన్నవారి వంశం 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లో దొరుకుతుంది. పాత లెక్కలో ఫసలీ కనబడితే 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. చదువుకున్నవాడు బడి అడ్మిషన్ రిజిస్టర్లో, ఉద్యోగి సర్వీసు రిజిస్టర్లో ఉంటాడు. ఏమీ లేని కూలివాడు, ఆడమనిషి చాలాసార్లు ఎక్కడా ఉండరు. ఉంటే పక్కవాడి హద్దుల్లో ఉంటారు. కనుక మీ ఇంటి కాగితాలే గాక పక్కవారి కాగితాలు కూడా చూడండి.

రెండో మనవి. మనం జీవితమంతా ఇతరుల పేర్లు రాశాం. ఇప్పుడు మన ఇంటివి రాద్దాం. ఒక్కొక్కరు రెండు పుటలు చాలు. తాత, అవ్వ, వారి ఊళ్ళు, తెలిసిన తేదీలు. ఆడవారి పేరు, పుట్టింటి ఊరు తప్పకుండా రాయండి. ఇంట్లో పెద్ద ముసలమ్మ ఉంటే ఈ వారమే అడగండి. నాలాగా రేపు, ఎల్లుండి అనకండి. ఒక నకలు మన సంఘం బీరువాలో పెడదాం. దానికి జాబితా రాసే పని నాకివ్వండి. ఈసారి వసారాలో పెట్టను.