మంగోలు వంశపు తుది చక్రవర్తి



చీనా దేశము నేలిన మంగోలులలో కుబిలాయి ఖానుని పేరు మనవారికి కొంత తెలియును. ఆతడు స్థాపించిన యువాన్ వంశమునకు చీనాలో తుది చక్రవర్తియైన తోఘోన్ తెమూరును ఎరిగినవారు అరుదు. తలచువారును ఆతనిని భోగలాలసుడనియో, గురువుల మాయలో పడిన వెఱ్ఱివాడనియో త్రోసివేయుదురు. ఆ తీర్పు పూర్తిగా న్యాయము కాదని నా మనవి.

ఆతడు 1320లో జన్మించెను. బాల్యమున కొరియా దీవికిని, పిదప దక్షిణ చీనాకును వెడలగొట్టబడి, 1333లో పదుమూడేండ్ల ప్రాయమున సింహాసన మెక్కెను. తొలినాళ్ల అధికారమంతయు మంత్రులదే. బౌద్ధమునం దాతని భక్తి మాత్రము బూటకము కాదు. 1360లో టిబెట్టునుండి కర్మపా గురువైన రోల్పై దోర్జేను రాజధానికి రావించుకొనెను. కుమారుని పేరు ఆయుశిరీదర; మన ‘ఆయుఃశ్రీధర’ శబ్దమే మంగోలు నోట నట్లు మారినది సుమా! రాజధానికి ఉత్తరమున జుయోంగ్ కనుమలో, బాటపై కట్టించిన పాలరాతి కట్టడము 1345 నాటికి ముగిసెను. దాని క్రిందుగా పోవు దారికి ఇరుప్రక్కల గోడలపై ధారణీ మంత్రములు సంస్కృత, టిబెట్టు, ఫగ్‌స్పా, ఉయిఘూరు, తంగుతు, చీనా అను ఆరు లిపులలో చెక్కబడియున్నవి. నేటికిని చూడవచ్చును.

అయితే 1344లో పీతనది గట్లు తెగి ఊళ్లను ముంచెను. ఏండ్లు గడచిన పిమ్మట, 1351లో, లక్షా ఏబదివేల మంది కూలీలను, ఇరువదివేల సైనికులను దింపి నదిని త్రిప్పించిరి. పని నెరవేరినది, కాని ఆకలిగొన్న జనమును ఒకచోట చేర్చుటయు జరిగినది. త్రవ్వకములో ఒంటికంటి రాతిబొమ్మ దొరకెననియు, దానిని తిరుగుబాటుదారులే ముందుగా పాతిపెట్టిరనియు చెప్పుదురు. అంతకు ముందేడు, 1350లో, తగిన వెండి నిలువ లేకయే క్రొత్త కాగితపు నాణెము విడుదల చేసిరి. లెక్కలు వ్రాయువానికి ఇచ్చట గుండె కలుక్కుమనును. నోట్లు పెరిగినకొలది వాని విలువ పడిపోయి, తుదకు జనులు సరకునకు సరకు మార్చుకొనసాగిరి.

ఎఱ్ఱ తలపాగాలు ధరించి తిరుగబడినవారును బుద్ధునే నమ్మిరి. మైత్రేయుడు అవతరింపనున్నాడని వారి చాటింపు. వారిలో చేరిన ఝూ యువాన్‌జాంగ్, 1344లో కరవునకును తెగులునకును తల్లిదండ్రులను కోల్పోయి, విహారమున చేరి భిక్షమెత్తిన బాలుడు. చక్రవర్తి మంత్రములు చెక్కించుచున్న యేండ్లలోనే ఆ బుద్ధుని గుడి ముంగిట ఈతడు అన్నమునకై నిలిచెను! 1368లో మింగ్ వంశమును స్థాపించినవాడీతడే.

యువాన్ చరిత్రమును 1369–70లో మింగ్ కొలువువారే వ్రాసిరి. అంతఃపుర నృత్యములను గూర్చియు, రహస్య పూజలను గూర్చియు అందున్న కథలను కొంత తగ్గించియే చదువవలెను. చక్రవర్తి స్వయముగా నీటి గడియారమును రూపొందించిన నేర్పరి యనియు ఆ చరిత్రమే చెప్పుచున్నది. కాని నదిని, నోట్లను గూర్చిన నింద నుండి ఆతని పాలనను తప్పింపజాలము.

1368 సెప్టెంబరులో మింగ్ సేన సమీపింపగా, ఆతడు రాత్రివేళ రాజధాని విడిచి, ఆ జుయోంగ్ కనుమ మీదుగానే ఉత్తరమునకు పోయెను. 1370లో ఇంగ్‌చాంగ్ పట్టణమున కాలధర్మము నొందెను. పోయిన నగరమును గూర్చి ఆతడు విలపించినట్లు మంగోలు చరిత్రకారులు పద్యములు నిలిపిరి. ఆయుఃశ్రీధరుడు మంగోలుల యేలికయై, తండ్రి విడిచిన యుద్ధమును కొనసాగించెను.